బావగారి తుపాకీ, నా మంచినీళ్ళు

మా ఊళ్ళో ఎన్నికలొచ్చాయని పేపరు చదివి తెలుసుకునేవాళ్ళు తక్కువ. మా బావగారి కారు కడుగుతున్నారంటే ఎన్నికలొచ్చినట్టు.

మాది మండపేట. ఊపిరి పీలిస్తే తవుడు, వదిలితే ఊక. ఇక్కడ రైసు మిల్లున్న ప్రతి పెద్దమనిషికీ ఏదో ఒక గొప్ప ఉంటుంది. మా బావగారికి, అంటే మా అక్క మొగుడికి, మిల్లు చిన్నది, మీసం పెద్దది. ఆ మీసం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఇద్దరు పిల్లల బట్టలు ఆరేసుకోవచ్చు. దానికి తోడు ఒక జోడుగొట్టాల తుపాకీ. వాళ్ళ నాన్నగారి తర్వాత లైసెన్సు ఆయన పేరు మీదకి వచ్చింది. నేనెరిగిన ముప్ఫయ్యేళ్ళలో అది ఒక్కసారీ పేలలేదు. అయినా అది గొప్పే.

ఎన్నికల ప్రకటన రాగానే లైసెన్సున్న తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పగించాలి, ఓట్లయ్యాక తెచ్చుకోవాలి. రూలు అది. అందరికీ అదొక తలనొప్పి, మా బావగారికి ఊరేగింపు. స్టేషను వాళ్ళింటికి రెండు వీధుల అవతల ఉంది, నడిస్తే నాలుగు నిమిషాలు. ఆయన కారులో గంటన్నర వెళ్తారు. ముందు మిల్లులన్నీ చుట్టి, తర్వాత బస్టాండు, తర్వాత సంత, తర్వాత టిఫిను సెంటరు, అప్పుడు స్టేషను. డ్రైవరుకి ఆయన ఆర్డరు ఏంటంటే, కారుని నత్త దాటిపోయినా హారన్ కొట్టకూడదు. ముందు సీట్లో ఆయన, మోకాళ్ళ మధ్య తుపాకీ, దానికి పట్టు గలీబు. ఆ గలీబు సంగతి చెప్పాలి. మా నాన్న ఉప్పాడ దాకా వెళ్ళి, నేతగాడి ఇంట్లో పూటంతా కూర్చుని ఏరి తెచ్చిన అక్క పెళ్ళి చీర అది. చీర కొంచెం చిరిగితే, అంచుతో సహా కోయించి తుపాకీకి గలీబు కుట్టించారు బావగారు. మా నాన్న తెచ్చిన చీరలో ఆ ఇనపగొట్టం ఊరంతా తిరుగుతుంటే నేను మొహం పక్కకి తిప్పుకునేవాణ్ణి. స్టేషన్లో ఇచ్చిన రసీదుల్ని లామినేషన్ చేయించి, హాల్లో దేవుడి పటాల పక్కన వరసగా తగిలిస్తారు. వెంకటేశ్వరస్వామి కన్నా ఆ రసీదులకే గోడ మీద ఎక్కువ చోటు.

క్రితం ఎన్నికలప్పుడు ఆ కారు టిఫిను సెంటరు దగ్గరికి వచ్చేసరికి నేనక్కడ ఇడ్లీ పొట్లంతో ఉన్నాను. రెండో చేతిలో చట్నీ ప్యాకెట్టు. నేను హైస్కూల్లో లెక్కల మేష్టార్ని. నా పాత విద్యార్థులు, వాళ్ళ నాన్నలు, మా హెడ్మాష్టరు, అందరూ అక్కడే ఉన్నారు. కారు ఆగింది. అద్దం దిగింది. మీసం బయటికొచ్చింది, కాసేపటికి మొహం కూడా వచ్చింది.

"మేష్టారూ, మీరూ ఏమైనా అప్పగించాలా? ఉంటే ఇటివ్వండి, నాతో పాటే ఇచ్చేస్తాను. ఆ చట్నీ లైసెన్సుదేనా అండి?"

మా గోదావరి వాళ్ళం పీక కోసినా అండి అంటూనే కోస్తాం. నవ్వినవాళ్ళలో మా హెడ్మాష్టరు గొంతు అందరికన్నా పైన వినిపించింది.

అది అక్కడితో పోయేదే. కానీ ఆ రోజు మా అక్క నన్ను భోజనానికి పిలిచింది. బావగారి మిల్లు స్నేహితులు నలుగురు కూడా వచ్చారు. విస్తరి ముందు కూర్చున్నాక ఆయన చట్నీ కథ మళ్ళీ మొదలెట్టారు. మొదటిసారి ఒక ప్యాకెట్టే. పప్పు వడ్డించేసరికి రెండయ్యాయి. కూర వచ్చేసరికి ఆయన కథలో నేను చట్నీ గుండెలకి అదుముకుని వణికిపోతున్నాను. అంతటితో ఆగక, గాజు బీరువాలోంచి ఒక ఇత్తడి పెట్టె తీశారు. ఆయన తూటాల పెట్టె. ఎవరొచ్చినా దాన్ని చెవి దగ్గర పెట్టి ఊపి వినిపించటం ఆయన మర్యాదల్లో ఒకటి. లోపల గలగలమంది.

"ఇవండీ మగాడి ఇంట్లో ఉండాల్సినవి," అన్నారు స్నేహితులతో, నా వైపు చూస్తూ.

నేను లేచాను. విస్తట్లో పనసపొట్టు కూర, ఆవ ఘాటు ముక్కుకి తగులుతూ, సగం అలాగే ఉంది. ఇంకా పులిహోర రాలేదు, బూరెలు రాలేదు. ఆ రెండూ చూశాక లేచినా బావుండేది. "వచ్చే ఎన్నికలకి నా తుపాకీ నేను ఆ స్టేషన్లో అప్పగిస్తాను. అప్పటిదాకా ఈ ఇంట్లో మంచినీళ్ళు ముట్టను," అన్నాను. మా వైపు ఈ మాట ఊరికే అనరు. ఒక ఇంట్లో మంచినీళ్ళు ముట్టనంటే ఆ ఇంటితో తెగిపోయినట్టే. వంటింటి గుమ్మంలో బూరెల పళ్ళెంతో నిలబడ్డ అక్క మొహం చూసేదాకా, ఆ ఇల్లు బావగారిదొక్కటే కాదన్న సంగతి నాకు తట్టలేదు.

ఇంటికెళ్ళి ఒక పాత హాజరు పట్టీ చివరి పేజీలో పెద్దక్షరాలతో రాసుకున్నాను: ఇలాగైతే తుపాకీ కొనను. లెక్కల మేష్టార్ని కదా, ఏ పనికైనా ముందు షరతులు రాసుకోవటం అలవాటు. కోపంలో ఉన్నా బుద్ధిమంతుడిలాగే ఉండాలనుకున్నాను. ఐదు రాశాను. వాటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ రోజుతో తుపాకీ మాట వదిలెయ్యాలి. అడుగున సంతకం కూడా పెట్టాను, నాకు నేనే సాక్షి.

మొదటిది, తుపాకీ చేతికొచ్చేదాకా బావగారికి తెలియకూడదు. దరఖాస్తు జిరాక్సు తీయించింది పొద్దున పదింటికి. పదకొండున్నరకి బావగారి మిల్లు గుమాస్తా ఎదురొచ్చి, "తుపాకీ కొంటున్నారటగా మేష్టారూ, సంతోషమండి," అన్నాడు. గంటన్నర. మా ఊళ్ళో మంటలు కూడా అంత తొందరగా పాకవు. ఇంటికొచ్చి మొదటి షరతు కొట్టేశాను. తెలిస్తే తెలిసింది, మంచిదే, కుళ్ళుకుంటాడు అనుకున్నాను.

రెండోది, అబద్ధం ఆడకూడదు. దరఖాస్తులో తుపాకీ ఎందుకో రాయమన్నారు. బావగారిని కుళ్ళబెట్టడానికి అని రాయటానికి గడి సరిపోలేదు. కోరుకొండ అవతల మా ఆవిడకి పుట్టింటివాళ్ళిచ్చిన రెండెకరాలు ఉన్నాయి, మొక్కజొన్న వేస్తాం. అక్కడ ఒకసారి అడవిపంది కనపడింది. నిజం చెప్పాలంటే దాని వెనక భాగం కనపడింది, అదీ పారిపోతున్నప్పుడు. నేను పందుల గుంపులు అని రాశాను. విచారణకి పిలిచిన రెవెన్యూ ఆఫీసులో గుమాస్తా కళ్ళజోడు పైనుంచి చూస్తూ ఎన్ని అని అడిగాడు. నలభై అన్నాను. పది రోజులయ్యాక మళ్ళీ పిలిచి మళ్ళీ అడిగితే అరవై అన్నాను. క్రితంసారి నలభై అన్నారుగా అన్నాడు. "ఈనాయండి," అన్నాను. అతను రాసుకున్నాడు. ఆ రాత్రి రెండో షరతు కొట్టేశాను.

మూడోది మా ఆవిడ గురించి. తుపాకీ పెట్టుకోవటానికి తాళమున్న ఇనప బీరువా ఇంట్లో ఉండాలి. ఆ తాళం చెవి నా దగ్గరే ఉండాలన్నది షరతు. బీరువా ఎక్కడ పెట్టాలన్న దాని మీద మా ఇంట్లో మూడు వారాలు యుద్ధం నడిచింది. పూజగదిలో వద్దంది. పడకగదిలో వద్దంది. వంటింట్లో అసలు మాటే ఎత్తనివ్వలేదు. మిగిలింది బియ్యం డ్రమ్ము ఉండే మూల. అక్కడైతే సరేనని, డ్రమ్ము జరిపినందుకు తాళం చెవి తన మంగళసూత్రాల పిన్నుకి ఉండాలంది. దొంగలొస్తే ఏం చెయ్యమంటావని అడిగాను. నన్నడగండి, ఎందుకో చెప్పండి, సబబుగా ఉంటే ఇస్తాను అంది. దొంగ ఎదురుగా నిలబడి ఉంటే నేను మా ఆవిడని ఒప్పించాలన్నమాట. పాతికేళ్ళ కాపురంలో ఫ్యాను స్పీడు విషయంలోనే ఒప్పించలేకపోయాను. మూడో షరతు కూడా కొట్టేశాను.

ఇదంతా జరుగుతున్నన్నాళ్ళూ ప్రతి ఆదివారం అక్క దగ్గరికి వెళ్తూనే ఉన్నాను. మానెయ్యలేను. అమ్మ పోయాక నాకు మిగిలింది ఆవిడొక్కతే. చంకలో నీళ్ళ సీసా పెట్టుకుని వెళ్ళేవాణ్ణి. వీధి వసారాలో కూర్చుంటే అక్క లోపల్నుంచి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి నా ముందు పెట్టేది. నేను నా సీసా మూత తీసి తాగేవాణ్ణి. గంట కబుర్లయ్యాక నేను లేస్తే ఆ గ్లాసు నీళ్ళు తీసుకెళ్ళి మెట్ల పక్కనున్న కరివేపాకు మొక్కలో పోసేది. అలా ఏడాది దాటింది. ఆ మొక్క నా భుజం దాటి, నా తల దాటి, కిటికీ దాటింది. వాళ్ళ వీధంతా దాని ఆకే పోపులో వేసుకునేవాళ్ళు. ఒక ఆదివారం నీళ్ళు పోస్తూ, నా వైపు తిరక్కుండానే అడిగింది.

"నేను పోయిన రోజున కూడా సీసా తెచ్చుకుంటావురా?"

సీసా మూత బిగించుకుని లేచాను. తొందరగా తుపాకీ వస్తే తప్ప ఈ నీళ్ళ గొడవ తీరదని, ఆ వారమే రాజమండ్రి బస్సెక్కాను. పాత బజార్లో ఒక తుపాకుల కొట్టుంది. కొట్టతను ముసలాయన, కళ్ళలో కాస్తంత జాలి లేదు. లైసెన్సు చేతికొచ్చాకే తుపాకీ ముట్టనిస్తానని అద్దాల వెనకనుంచే చూపించాడు. ఎప్పుడైనా కాల్చారా అని అడిగాడు. దీపావళికి అన్నాను. నవ్వలేదు. ఏ భుజం అన్నాడు. నా కుడిభుజం పట్టేసి రెండేళ్ళయింది. బోర్డు మీద సగం వరకే రాయగలను, పైసగం లెక్కలు పిల్లలు ఊహించుకుంటారు. ఆ సంగతి చెప్తే, జోడుగొట్టాలది ఒక్కసారి తన్నితే ఆ భుజం ఊడి ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర తేలుతుందన్నాడు. నాలుగో షరతు అదే, ఒంటికి పడని తుపాకీ వద్దని. కాల్చే పనే లేదుగా, అప్పగించటానికే కదా అనుకుని కొట్టు మెట్ల మీదే దాన్ని కొట్టేశాను.

బయల్దేరబోతుంటే ఆయన మళ్ళీ పిలిచాడు.

"మేష్టారూ, నాకు అమ్ముడుపోవటమే కావాలి. అయినా ఒక్కటి అడుగుతాను. కోపమొస్తే మీ చెయ్యి ముందు దేని మీదకి పోతుందండి?"

"సుద్దముక్క మీదకి," అన్నాను.

"విసురుతారా?"

"విసురుతాను."

"తగులుతుందా?"

గొప్పగా చెప్పాను. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఒక్కటి గురి తప్పలేదని, చివరి బెంచీలో ఆవులించేవాడి నోట్లో పడ్డ సందర్భాలు కూడా ఉన్నాయని. ఆయన అద్దాల బీరువాకి తాళం వేసుకున్నాడు. సరుకు అమ్మేవాడి మొహం ఇలా ఉంటే కొట్టెలా నడుస్తుందో అని బస్సులో మా ఊరు వచ్చేదాకా తిట్టుకున్నాను.

ఐదో షరతు అన్నిటికన్నా గట్టిది: బావగారి సాయంతో తుపాకీ రాకూడదు. ఆయన పేరు దరఖాస్తులో ఎక్కడా రాయలేదు. కానీ విచారణకొచ్చిన కానిస్టేబులు పద్ధతి గలవాడు. ఊళ్ళో తుపాకీ ఉన్న పెద్దమనిషి, పైగా దరఖాస్తుదారుకి బంధువు, ఆయన్ని అడక్కుండా ఎవర్ని అడుగుతానని తిన్నగా బావగారి దగ్గరికే వెళ్ళాడు. తిరిగొచ్చి మా స్కూలు వరండాలో నోటుబుక్కు తెరిచి, ఎంతో గౌరవంగా చదివి వినిపించాడు.

"మా బావమరిది బహు నెమ్మదస్తుడు. చేతిలో తుపాకీ ఉన్నా గొడుగున్నా ఒకటే. గొడుగైతే కాస్త ప్రమాదం, ఎవరి కంట్లోనైనా గుచ్చుకోవచ్చు. తుపాకీకి ఆ భయం కూడా లేదు."

చదివి, ఇంత మంచి రిపోర్టు తన సర్వీసులో రాయలేదండి అన్నాడు. దీంతో లైసెన్సు వచ్చేసినట్టేనండి అన్నాడు. నేనేమనాలి? అదంతా అబద్ధం, నేను చాలా ప్రమాదకరమైనవాణ్ణి అంటే లైసెన్సు పోతుంది. నిజమే అంటే నేను పోతాను. పళ్ళ మధ్యలోంచి థాంక్సండి అన్నాను. ఆ సాయంత్రం హాజరు పట్టీ తెరిచి ఐదో షరతు కొట్టేసేటప్పుడు కలం పాళీ కాగితంలోంచి దూసుకుపోయి, వెనక ఎప్పుడో చదువుకున్న పిల్లల హాజరు కూడా చింపేసింది. పేజీ మీద నా సంతకం తప్ప కొట్టివేత లేని అక్షరం మిగల్లేదు.

ఫైలు సంతకానికి వెళ్ళిందన్నారు. ఇంకో వారం అన్నారు. ఆ వారంలోనే పంచాయతీల ఎన్నికలు ప్రకటించారు. ఎన్నికలయ్యేదాకా కొత్త లైసెన్సులు లేవు. అంటే ఈసారికి వరసలో నేను లేను. అంటే ఇంకో ఎన్నికల దాకా నీళ్ళు లేవు. అక్క ఫోను చేస్తే ఎత్తటానికి భయమేసింది. ఆవిడ నీళ్ళ మాట ఎత్తలేదు. బావగారు మిల్లు మెట్ల మీద జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నారని, కట్టు వేశారని, తుపాకీ మొయ్యలేరని, డ్రైవరుని ముట్టుకోనివ్వరని చెప్పింది. "రేపు పొద్దున్నే వచ్చి ఆ దరిద్రం నువ్వు పట్టుకో," అంది. ఆవిడ ఆ తుపాకీని ఎప్పుడూ ఆ పేరుతోనే పిలిచేది.

వెళ్ళాను. వెళ్ళటంలో నాకో దుర్బుద్ధి కూడా ఉంది. ఎవరిదైతేనేం, ఊరంతా చూస్తుండగా ఒక్కసారి తుపాకీతో ఆ మెట్లెక్కుతాను కదా.

ముందు సీట్లో కట్టు వేలాడేసుకుని బావగారు. వెనక సీట్లో నేను, మోకాళ్ళ మధ్య తుపాకీ. జీవితంలో అదే మొదటిసారి దాన్ని పట్టుకోవటం. నిండు గ్యాసు సిలిండరంత బరువుందని నా ఉద్దేశం. గేటు దగ్గర అక్క అడిగితే ఖాళీదేలే అన్నారాయన. ఎదురింటివాళ్ళ కోసం కాస్త గట్టిగా, "రెండూ ఖాళీయేనండి, వెనక కూర్చున్నవి," అన్నారు. ఎదురింటివాళ్ళు నవ్వారు. మిల్లుల దగ్గర అదే మాట. బస్టాండు దగ్గర అదే మాట. సంతలో చేపలమ్మే ఆవిడకి కూడా ఆపి మరీ చెప్పారు. టిఫిను సెంటరు ముందు కారు ఆగింది. అక్కడ మా హెడ్మాష్టరు ఉన్నారు. అద్దం దిగింది.

"మా మేష్టారు ఈసారి చట్నీ తేలేదండి. ప్రమోషను," అన్నారు బావగారు.

నవ్వులు మొదలయ్యాయి. నా ముందు, మూరెడు దూరంలో, బావగారి మెడ. మూడు మడతలు, మడతల మధ్య పౌడరు గట్లు, పైన బంగారు గొలుసు. నవ్వుకి ఆ మూడు మడతలూ విడివిడిగా ఊగుతున్నాయి. ముప్ఫయ్యేళ్ళుగా నన్నెవరు చూసినా ముందు ఆ మెడనే చూస్తారనిపించింది. తుపాకీ నా మోకాళ్ళ మధ్యనుంచి ఎప్పుడు ఒరిగిందో నాకు తెలియదు. గొట్టాలు సీటు పైనుంచి ఆ మడతల వైపు ఉన్నాయి. మా నాన్న తెచ్చిన చీర లోపల నా వేలు దేన్నో వెతికింది, దొరికింది, నొక్కింది.

టక్ మంది.

నవ్వుల్లో అది ఎవరికీ వినపడలేదు. బావగారికి తప్ప.

"ఏంటండీ ఆ చప్పుడు?" అన్నారు, వెనక్కి తిరక్కుండా.

"మోకాలండి, బావగారూ."

"వయసండి," అన్నారాయన. కారు కదిలింది.

నేను గొట్టాలు పైకప్పు వైపు తిప్పాను. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఖాళీదని ఆయన చెప్పారు. ఎదురింటికి, మిల్లులకి, బస్టాండుకి, చేపలావిడకి చెప్పారు. ఊరంతా విన్నది. నేను మాత్రం చూడలేదు. ఎలా తెరిచి చూడాలో కూడా నాకు తెలియదు. మరి ఏ ధైర్యంతో నొక్కాను? ధైర్యంతో కాదు. ఖాళీనా నిండా అన్న ఆలోచనే ఆ క్షణంలో నాకు లేదు. తుపాకుల కొట్టు ముసలాయన అద్దాల బీరువాకి తాళం వేసుకోవటం కళ్ళ ముందు కనపడింది. హాజరు పట్టీలో ఐదు రాశాను. రాయాల్సింది ఒక్కటే, కోపమొస్తే నా వేలు ఎటు పోతుందో, అది తట్టలేదు.

స్టేషన్లో వరసలో నిలబడ్డాను. ఏడాదిన్నరగా నేను కలలుకన్న వరస. ముందు ఇద్దరు మిల్లుల ఆసాములు, వెనక ఒక బ్యాంకు గార్డు. స్టేషను రైటరు తుపాకీ తెరిచి, రెండు గొట్టాల్లోంచి వెలుతురు చూసి, ఖాళీ అని రాసుకునేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. మీదేనా అండి అని అడిగాడు.

"కాదండి," అన్నాను. ఆ స్టేషన్లో అంత గట్టిగా కాదన్నవాడు ముద్దాయిల్లో కూడా ఉండడు.

తిరిగి వాళ్ళింటికి చేరాం. నేను వసారాలో ఆగలేదు. హాలు దాటి, రసీదులు దాటి, వంటింట్లోకి వెళ్ళి అక్క చేతిలో గ్లాసు తీసుకుని తాగాను. ఇంకోటి ఇమ్మన్నాను. మూడో గ్లాసు సగం చొక్కా మీద పోసుకున్నాను. బావగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

"శపథం ఏమైందండి? అప్పగించింది మీది కాదుగా."

"కాదండి," అన్నాను మళ్ళీ. ఆయన మీసం కొసలు చెవుల దాకా వెళ్ళాయి. నేను ముందే చెప్పానా, గొడుగు మనిషని, అంటూ ఫోను తీసుకుని హాల్లోకి పోయారు, నలుగురికీ చెప్పటానికి. ఆయనకి నిజం చెప్పే దారి లేదు. చెప్తే నేను గొడుగు మనిషిని కాదని ఒప్పుకుంటారు. ఒప్పుకుని ఆ పూటే నన్ను స్టేషనుకి తిరిగి పంపిస్తారు.

అక్క మాత్రం గ్లాసు కడగకుండా అలాగే పట్టుకుని నన్ను చూస్తోంది. తుపాకీ కొంటున్నావా మానేశావా అని అడిగింది. మానేశానన్నాను. ఎందుకంది. బరువు అన్నాను. ఆవిడ వంటింటి తలుపు దగ్గరకి వేసింది.

"మీ బావ మెడ అడ్డమొచ్చిందా?"

నేను తడిసిన చొక్కా దులుపుకున్నాను.

"నాకు పెళ్ళైన ఏడాదే వచ్చింది," అంది, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా. "ఆ రోజే చెప్పాను, ఈ ఇంట్లోకి తూటా వస్తే నేను పుట్టింటికి పోతానని. ఆయన్ని చూసి భయపడ్డాననుకున్నారు. ఆయన్ని చూసి కాదు."

అయితే ఆ ఇత్తడి పెట్టెలో గలగలలాడేవి ఏంటని అడిగాను. మూడు వందల మందికైనా వినిపించి ఉంటారు వాటిని.

"కుంకుడుకాయలు," అంది అక్క. "తలంటుకునే రోజున నాలుగు నేనే తీసుకుంటాను."

మర్నాడు దరఖాస్తు వెనక్కి తీసుకున్నాను. కారణం రాయమంటే, పందులు వేరే చోటికి వెళ్ళిపోయాయని రాశాను. అరవయ్యూనా అని అడిగాడు గుమాస్తా. అరవయ్యూ అన్నాను. ఇనప బీరువాలో మా ఆవిడ కందిపప్పు పోసుకుంది. తాళం చెవి ఇప్పటికీ ఆవిడ పిన్నుకే ఉంది, కందిపప్పుకి కూడా నేను కారణం చెప్పుకోవాలి. బావగారి దయవల్ల గొడుగు కథ మాత్రం రాజమండ్రి దాకా పాకింది. పెళ్ళిళ్ళలో నాకు చెయ్యి కలిపేవాళ్ళు ముందు నా చేతిలో గొడుగుందేమో చూస్తున్నారు.

ఆ తర్వాత ఆదివారం సీసా లేకుండా వెళ్ళాను. హాల్లో ఎవరో కొత్త చుట్టాలు కూర్చున్నారు. బావగారు గొడుగు కథ ముగించి, బీరువా తెరిచి, ఎడమచేత్తో ఇత్తడి పెట్టె తీసి ఊపారు. ఇవండీ మగాడి ఇంట్లో ఉండాల్సినవి, అన్నారు. పెరట్లో అక్క అప్పుడే తలంటుకుని, జుట్టు ఆరబోసుకుని ఎండలో నిలబడింది.

నేను గ్లాసెడు మంచినీళ్ళు నింపాదిగా తాగి గ్లాసు కింద పెట్టాను.

"ఈ వారం చప్పుడు కాస్త తగ్గిందండి, బావగారూ," అన్నాను.

ఆయన పెట్టె ఊపటం ఆపారు. నా వైపు చూశారు. కిటికీలోంచి పెరటి వైపు చూశారు. చుట్టాలు ఇంకోసారి వినిపించమని అడుగుతున్నారు. ఆయన మాత్రం పెట్టెని బీరువాలో పెట్టి, విరిగిన చేత్తోనే తాళం వెయ్యటానికి అవస్థ పడుతున్నారు.